"ఏమీ తినడండీ" అనే ముందు పిల్లాణ్ణి ఒకసారి తూచండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక కుటుంబం పేజీలో "పిల్లలు అన్నం తినడం లేదా?" అంటూ అప్పుడప్పుడూ వచ్చే సలహాలు నేను వదలకుండా చదువుతాను. ఇడ్లీకి క్యారెట్ ముక్కలతో కళ్లూ ముక్కూ పెట్టమనీ, దోసెను నక్షత్రంలా కోయమనీ, బొమ్మల పళ్లెం కొనమనీ రాస్తుంటారు. తీరిక ఉన్న తల్లులు చేసుకోవచ్చు, పిల్లలకి సరదాగానే ఉంటుంది. కానీ నేను తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైనదాన్ని, ఏళ్ల తరబడి పసిపిల్లల్ని తూచి ఎదుగుదల కార్డులో బరువుకి చుక్క పెట్టినదాన్ని. నేను చూసినంతలో చాలా ఇళ్లలో చిక్కు వంట దగ్గర లేదు. పిల్లకి ఆకలి వేసేంత వ్యవధి ఇవ్వరు, ఆ వయసుకి ఎంత తిండి సరిపోతుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ రెండింటి గురించీ మీరు వివరంగా రాయాలని అడగడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

కేంద్రానికి వచ్చే తల్లుల నోట నేను ఎక్కువగా విన్న మాట "ఏమీ తినడండీ టీచరుగారూ" అనేదే. మొన్నటిదాకా గిన్నె ఖాళీ చేసేవాడు, పుట్టినరోజు దాటాక ఏమైందో ముద్ద దగ్గరికి తెస్తే మూతి తిప్పేసుకుంటున్నాడు, దిష్టి తగిలిందేమో, ఎర్రనీళ్లు తిప్పి పోశాం అయినా తగ్గలేదు అంటారు. తీరా తూకం మీద కూర్చోబెడితే చాలాసార్లు బరువు ఉండాల్సినంత ఉంటుంది. ఇదెలా అంటే, 3 కిలోలతో పుట్టిన బిడ్డ సుమారు 5 నెలలకి 6 కిలోలు, ఏడాది నిండేసరికి 9 కిలోలు అవుతుంది. మొదటి ఏడాదిలో 6 కిలోలు పెరిగిందన్నమాట. రెండో ఏడాది మొత్తం మీద పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల వేగం తగ్గింది కాబట్టి ఆకలీ తగ్గుతుంది, ఇది జబ్బు కాదు, మొండితనం అంతకన్నా కాదు. పైగా సరిగ్గా అప్పుడే నడక వస్తుంది, ఇల్లంతా తిరిగి చూడాలన్న ఆరాటం వస్తుంది, ఒకచోట కూర్చోబెట్టి ముద్దలు పెడతామంటే ఆ వయసు పిల్లలు కూర్చోరు. ఇంట్లో వాళ్లేమో పదో నెలలో ఎంత తినేవాడో గుర్తు పెట్టుకుని, వయసు పెరిగింది కదా ఇంకా ఎక్కువ తినాలి అనుకుంటారు.

కొలత విషయంలోనూ అంతే. పెద్దవాళ్ల గిన్నెలో సగం కలిపి తెస్తారు, అందులో నాలుగు ముద్దలు మిగిలితే తినలేదని లెక్క. చిన్నపిల్లల పొట్ట ఒక్కసారికి పట్టేది కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు. అంటే 10 కిలోల పిల్లకి 300. అందులో 200 మిల్లీలీటర్ల గ్లాసుడు పాలు ముందే పోసేస్తే ఇక అన్నానికి చోటెక్కడుంది? ఏడాది నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకి ఒక పూటకి ముప్పావు కప్పు నుంచి నిండు కప్పు దాకా చాలు, కప్పంటే 250 మిల్లీలీటర్లది. అలా రోజుకి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు పండో, గుడ్డో, ఉడికించిన చిలగడదుంపో. ఒక పూట బాగా తిని ఇంకో పూట ముట్టకపోవడం ఆ వయసులో మామూలే, రోజు మొత్తంలో, వారం మొత్తంలో ఏం తిన్నాడో చూడాలి.

ఇప్పుడు తిననివాడి రోజు ఎలా గడుస్తుందో చూడండి, నేను ఎన్నో ఇళ్లలో చూసిందే. తెల్లారి కళ్లు తెరవగానే పాలసీసా. ఎనిమిదింటికి తాతయ్య టీలో ముంచిన బిస్కెట్లు రెండు. తొమ్మిదింటికి అమ్మ ఇడ్లీ పెడితే సగం తిని లేచిపోయాడు. పదకొండింటికి బాబాయి సెంటర్లోకి ఎత్తుకెళ్లి 5 రూపాయల చిప్స్ ప్యాకెట్టు కొనిచ్చాడు. ఒంటిగంటకి అమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి కూర్చుంటే వాడు పెదవులు బిగించేశాడు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ఆ తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఆ బాధ నిజమైనదే. అన్నం తినలేదు కదా కనీసం పాలైనా తాగనీ అని రెండింటికి మళ్లీ సీసా నింపుతారు, దాంతో సాయంత్రం తినాల్సిన ఆకలీ చచ్చిపోతుంది. నేను వెళ్లి పొద్దుటినుంచీ ఏం పెట్టారో చెప్పమంటే ఇడ్లీ ఒక్కటే చెప్తారు. పాలు, బిస్కెట్లు, చిప్స్ ఎవరి లెక్కలోకీ రావు, మనకి అన్నం తింటేనే తిన్నట్టు. ఎవరు పెట్టింది వాళ్లు ప్రేమతోనే పెట్టారు, కాదనను, కానీ అన్నీ కలిసి ఆ పిల్లాడికి రోజు మొత్తంలో ఒక్కసారి కూడా ఆకలి తెలియకుండా చేశాయి.

పాల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పాలు ఎంత తాగితే అంత బలం అని మన నమ్మకం, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. తల్లిపాలు రెండేళ్లూ, ఆ పైనా ఇవ్వొచ్చు, వాటి జోలికి నేను పోవడం లేదు. ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు మాత్రం ఏడాది దాటిన పిల్లకి రోజుకి అరలీటరు మించకూడదు. పాలలో కాల్షియం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి, ఇనుము మాత్రం దాదాపు లేనట్టే. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లకి రోజుకి 8 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. లీటరు పాలు తాగి కడుపు నింపుకునే పిల్లకి అది ఎక్కడి నుంచి వస్తుంది? రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేదని ఇంకా పాలే పడతాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నెలల నుంచి 5 ఏళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో 70 మంది. తినడం లేదని మనం అనుకునే పిల్లల్లో ఎందరు ఇందులో ఉంటారో ఆలోచించండి. అరచేతులు, కనురెప్పల లోపల పాలిపోయి ఉన్నా, గోడ సున్నం, మట్టి గీరి తింటున్నా కొట్టి మానిపించడం కాదు, రక్తపరీక్ష చేయించాలి. ఇనుము సిరప్ వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున 5 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితంగానే ఇస్తారు, దొడ్డికి నల్లగా వస్తోందని భయపడి చాలామంది మధ్యలో మానేస్తారు, నల్లగా రావడం మామూలే, మానొద్దు. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఏడాది దాటిన పిల్లలకి ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు, రెండేళ్ల లోపైతే సగం మాత్ర పొడి చేసి నీళ్లలో కలిపి ఇస్తారు.

బలవంతపు ముద్దల గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టుంటుంది. కాళ్లమీద పడుకోబెట్టుకుని, చేతులు గట్టిగా పట్టుకుని, ఏడవడానికి నోరు తెరిచినప్పుడు గబుక్కున పోయడం మన పల్లెల్లో ఇంకా ఉంది. ముక్కు మూసేవాళ్లనూ చూశాను. ఏడుస్తున్న పిల్లకి పోస్తే అది పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది, అలా నిమ్ముతో ఆసుపత్రిలో చేరే పిల్లలున్నారు. అంతదాకా పోకపోయినా, రోజూ ఇలా జరిగే పిల్ల గిన్నె చప్పుడు వింటేనే బిగుసుకుపోతుంది, వాసనకే వాంతి చేసుకుంటుంది. ముద్ద బుగ్గన పెట్టుకుని గంటసేపు మింగకుండా కూర్చునే పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. వాళ్లు పెంకితనం చేయడం లేదు. వద్దు అని చెప్పడానికి వాళ్ల దగ్గరున్న దారి అదొక్కటే, తల తిప్పినప్పుడూ చేత్తో తోసినప్పుడూ మనం వినలేదు కాబట్టి.

వెనకటికి చందమామను చూపించి పెట్టేవాళ్లు, ఇప్పుడు ఫోను. పొద్దున్నే పనికి పోవాల్సిన తల్లి, కీళ్లనొప్పులతో పిల్లాడి వెంట పరిగెత్తలేని నానమ్మ ఫోను ఎందుకిస్తున్నారో నాకు తెలుసు, వాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఫోను చూస్తూ తినే పిల్లకి తను ఏం తింటోందో తెలియదు, కడుపు నిండిందో లేదో తెలియదు, నోట్లోకి వచ్చింది మింగుతుంది అంతే. చందమామను చూపించేటప్పుడు అమ్మ పిల్ల ముఖం చూసేది, మాట్లాడేది. ఫోనులో అది లేదు. రెండేళ్ల లోపు పిల్లలకి తెర అసలు వద్దు, ఆ తర్వాత 5 ఏళ్ల వరకూ రోజుకి గంట దాటొద్దు అని మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘమే చెప్పింది. మానిపించాలంటే మొదటి నాలుగైదు రోజులు నరకంగానే ఉంటుంది, ఒక పూట తినకుండానే లేచిపోతారు కూడా. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు, వచ్చే పూట ఆకలితో కూర్చుంటుంది. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకి కూడా ఎవరైనా చెప్పాలి, లేకపోతే తల్లి ఒక్కతే నిలబడలేదు.

మిక్సీ విషయం ఎవరూ పట్టించుకోరు. అన్నప్రాశన ఆరో నెలలో ముహూర్తం చూసి ఘనంగా చేస్తాం, ఆ తర్వాత చాలా ఇళ్లలో మళ్లీ పాలే. ఘనాహారం మొదలుపెట్టినా అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి మిక్సీలో మెత్తగా తిప్పి పెడతారు, ఏడాదిన్నర పిల్లాడికి కూడా. గొంతుకి అడ్డం పడుతుందని భయం. 8, 9 నెలలకే చేత్తో మెదిపిన, కొంచెం పలుకు తగిలే అన్నం అలవాటు చేయాలి, ఆ వయసు దాటిపోయాక మొదలుపెడితే ముక్క తగలగానే ఉమ్మేస్తారు, ఆ అలవాటు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. పళ్లు రాకపోయినా చిగుళ్లతో నములుతారు. మెత్తగా ఉడికిన బంగాళదుంప, అరటిపండు ముక్క, ఇడ్లీ తుంట చేతికిచ్చి పక్కన కూర్చోండి, ముఖమంతా పూసుకోనివ్వండి. పల్లీలు, శనగలు, ద్రాక్ష లాంటివి గుండ్రంగా అలాగే ఇవ్వొద్దు, వీటితో నిజంగానే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది, పల్లీలైతే పొడి చేసి అన్నంలో కలపాలి, ద్రాక్ష నిలువునా చీల్చి ఇవ్వాలి.

కొత్త కూర ఉమ్మేస్తే అది పడదని రాసిపెట్టేస్తాం. బీరకాయ తినడు, తోటకూర ముట్టదు అని ఏడాదిన్నరకే పేరు పెట్టేస్తే ఇక ఆ ఇంట్లో ఆ పిల్లకి బీరకాయ ఎవరూ పెట్టరు. రెండేళ్ల వయసు పిల్లలకి తెలియని తిండి అంటే సహజంగానే జంకు. ఎనిమిది పది సార్లు, కొందరికి పదిహేను సార్లు కూడా రుచి చూపిస్తే గానీ నోటికి ఎక్కదు. చూపించడం అంటే పళ్లెంలో ఒక చెంచాడు పెట్టి వదిలేయడమే, తినమని వెంటపడకూడదు, తింటే చాక్లెట్ ఇస్తానని అసలే అనకూడదు. అలా అంటే కూర కష్టమైనదీ, చాక్లెట్ గొప్పదీ అని మనమే నేర్పినట్టు. అదే కూర తాతయ్య, నాన్న తన ఎదుట కూర్చుని తింటుంటే పిల్ల చేయి దానంతట అదే వెళ్తుంది. పిల్లకి వేరే టైము, వేరే వంట, వేరే మూల పెట్టడం మానేసి ఉప్పూకారం వెయ్యకముందు పప్పు, కూర కొంచెం తీసి ఉంచి అందరితో పాటే కూర్చోబెట్టండి. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది పెద్దవాళ్లు చూసుకోవాలి, ఎంత తినాలి అనేది పిల్లకే వదలాలి. పావుగంట, ఇరవై నిమిషాలు చూసి పళ్లెం తీసేయండి, కోప్పడకుండా. మళ్లీ రెండు మూడు గంటల వరకూ మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఇదంతా ఎక్కడో విదేశాల్లో చెప్పే మాటలని కొట్టిపారేసేవాళ్లకి ఒక సంగతి. జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఉమ్మడి నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో దీన్ని పరీక్షించి చూశారు, 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. పల్లెల్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. ఏం పెట్టాలో చెప్పడంతో పాటు, కొన్ని పల్లెల్లో పిల్ల ఆకలి సైగలు ఎలా గుర్తుపట్టాలి, ఎలా ఆడిస్తూ మాట్లాడుతూ పెట్టాలి అన్నది కూడా నేర్పారు. పిల్లల తిండి మెరుగైంది, ఆటపాటలతో పెట్టడం నేర్చుకున్న ఇళ్లలో పిల్లల బుద్ధి వికాసం కూడా మెరుగ్గా కనిపించింది. కొత్త పొడులేవీ కొనలేదు, ఇళ్లలో ఉన్న తిండే.

పొడులంటే గుర్తొచ్చింది, ఇది మీకు నేరుగా సంబంధించినది. తినని పిల్లల గురించి సలహాలు అచ్చయ్యే పేజీలోనే పక్కన పొడవు పెంచే, బరువు పెంచే పొడుల ప్రకటన ఉంటే చదివే తల్లి ఏమనుకుంటుంది? రెండేళ్ల లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదని చట్టం ఉంది, 1992 నాటి చట్టాన్ని 2003లో సవరించి అలా చేశారు. ఆ వయసు దాటాక వాడే పొడుల్లోనూ చాలావాటిలో పంచదార ఎంతుందో డబ్బా వెనక చిన్న అక్షరాల్లో చదివితే తెలుస్తుంది. ఇలాంటి పానీయాల్ని 'హెల్త్ డ్రింక్స్' పేరుతో అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకి చెప్పింది, అసలు అలాంటి పేరే మన ఆహార చట్టంలో లేదు. వారానికి నాలుగు గుడ్లు కొనలేని ఇల్లు కూడా వందల రూపాయలు పెట్టి ఆ డబ్బా కొనడం నేను చూశాను, చాలా బాధేసింది. ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఆకలి సిరప్‌లు. చాలావాటిలో ఉండేది సిప్రోహెప్టడిన్, అది అలర్జీకి వాడే మందు, ఆకలి పెంచడంతో పాటు మత్తుగా పడుకోబెడుతుంది. డాక్టరు రాయకుండా పసిపిల్లలకి అది పోయడం ఆపాలి.

అంతా మామూలే, కంగారు పడొద్దు అని చెప్పి నేను ఊరుకోలేను, ఎందుకంటే కొందరు పిల్లలకి నిజంగానే సాయం కావాలి, వాళ్లని "పెద్దయ్యాక వాడే తింటాడులే" అని వదిలేస్తే విలువైన కాలం పోతుంది. రెండు మూడు నెలలు వరసగా బరువు పెరగకపోయినా, తగ్గినా, జబ్బ చుట్టుకొలత చూసే టేపు 11.5 సెంటీమీటర్ల లోపు చూపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నీళ్లు, పాలు తాగేటప్పుడు రోజూ పొలమారడం, దగ్గు రావడం, ఏడాదిన్నర దాటినా పలుకు తగిలితే వాంతి చేసుకోవడం, మూడు నాలుగు రకాలు తప్ప ఏదీ ముట్టకపోవడం, ముట్టే రకాలు కూడా ఒక్కొక్కటీ మానేస్తూ రావడం, ఇవి మామూలు మారాం కాదు. దాంతో పాటు పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, మాటలు రాకపోవడం ఉంటే తప్పకుండా చూపించాలి. ఇలాంటి పిల్లల కోసం పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సత్వర చికిత్స కేంద్రాలున్నాయి, నమలడం, మింగడం నేర్పే నిపుణులు ఉంటారు, ఆశా కార్యకర్తను అడిగితే దారి చెప్తుంది.

ఇంకొక్క మాట, ఇది తండ్రులకీ అత్తగార్లకీ. పిల్ల సన్నగా ఉంటే ఊళ్లో అందరూ తల్లినే అంటారు. "నీకు పెట్టడం చేతకాదు", "మా పిల్లలు ఇలా ఉన్నారా" అని భోజనాల దగ్గర, ఫంక్షన్లలో నలుగురి ముందూ అంటారు. ఆ టెన్షన్‌తోనే ఆ అమ్మాయి ఇంటికి వెళ్లి పిల్లని కాళ్లమీద వేసుకుంటుంది. పక్కింటి బొద్దుగా ఉన్న పిల్లతో పోల్చడం మానేసి మీ పిల్ల కార్డులో గీత చూడండి. రెండేళ్లకి ఆడపిల్లకి 11.5, మగపిల్లాడికి 12.2 కిలోలు మధ్యస్థం, కానీ ఆడపిల్ల 9, మగపిల్లాడు 9.7 కిలోల దాకా ఉన్నా తక్కువ బరువు కింద లెక్కకు రారు, తల్లిదండ్రులు సన్నగా పొట్టిగా ఉంటే పిల్లలు అటే వెళ్తారు. గీత పైకి వెళ్తోందా లేదా అన్నదే అన్నిటికంటే ముఖ్యం, అది ఒక్క తూకంలో తెలియదు, నెలనెలా తూచాలి.

కాబట్టి మిమ్మల్ని నేను కోరేది ఇది. కుటుంబం పేజీలో ఒక ఆదివారం పుట్టినప్పటి నుంచి 5 ఏళ్ల దాకా బరువుల పట్టికను, ఆడపిల్లలకి వేరుగా మగపిల్లలకి వేరుగా, కత్తిరించి గోడకి అంటించుకునేంత పెద్దగా అచ్చు వేయండి. కింద వయసుకి తగ్గ తిండి కొలతలు మన గిన్నెల్లో, మన కూరల్లో రాయించండి, ఓట్స్, అవకాడోలు కాకుండా రాగిజావ, మునగాకు పప్పు, గుడ్డు, చేప, నువ్వుల పొడితో. అంగన్‌వాడీలో నెలకి ఇచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి ఎలా వండాలో కూడా రాయండి, చాలా ఇళ్లలో అది ఇంటిల్లిపాదీ ఉండలు చేసుకుని తినేస్తున్నారు, పిల్లకి చేరడం లేదు. జిల్లా ఆసుపత్రి పిల్లల డాక్టరు ఒకరితో నెలకోసారి పాఠకుల ప్రశ్నలకి జవాబులు రాయించండి. ఆ రోజు ఆ పేజీలో పొడుల ప్రకటనలు లేకుండా చూడండి.

ఇట్లు,
రిటైర్డ్ అంగన్‌వాడీ టీచరు,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా.